గీత గీస్తే సరిపోదు: కొల్లేటి సంగతి
(స్వర్ణోత్సవ ఆత్మీయ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత జ్ఞాపకాలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నువ్వు జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాడివి, పిల్లలకు పనికొచ్చే విషయం ఏదైనా చెప్పు అన్నారు మన సంఘం వాళ్లు. అందుకని కొల్లేటి గురించి నాలుగు మాటలు చెబుతాను. మనలో కొందరికి అక్కడ చేపల చెరువులున్నాయి, ఇంకొందరికి వియ్యాలవారున్నారు. కొల్లేటి చేప తినని ఇల్లు మాత్రం మన వైపు ఉండదు.

ప్రపంచంలో ఉన్న అడవుల్నీ చిత్తడి నేలల్నీ అన్నిటినీ ఒక్కసారే కాపాడటం ఎవరి తరమూ కాదు. డబ్బూ మనుషులూ ఎప్పుడూ తక్కువే. అందుకే ఏది పోతే మళ్లీ రాదో దాన్ని ముందు గుర్తించాలి. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో చిత్తడి నేలల ఒప్పందం కుదిరింది. అందులో కొన్ని కొలతలు పెట్టుకున్నారు. ఒక చోట మామూలుగా 20 వేల నీటిపక్షులు చేరుతున్నా, ఒక పక్షిజాతి మొత్తం సంఖ్యలో నూటికి ఒకటో వంతు అక్కడ ఉంటున్నా, అది ప్రపంచానికి ముఖ్యమైన చోటు కిందే లెక్క. తర్వాత పక్షులకే పరిమితం కాకుండా మొక్కలు, చేపలు, జంతువులు అన్నిటికీ వర్తించే ప్రమాణాన్ని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2016లో తెచ్చింది. అలా గుర్తించినవాటిని కీలక జీవవైవిధ్య ప్రాంతాలంటున్నారు. ప్రపంచం మొత్తం మీద ఇవి 16 వేలకు పైగా ఉన్నాయి.

కొల్లేరుకు ఈ గుర్తింపులన్నీ ఉన్నాయి. 1999లో ప్రభుత్వం ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఆ జాబితాలో మన రాష్ట్రానికి ఉన్నది ఈ ఒక్క చోటే. కైకలూరు దగ్గర ఆటపాక వెళితే గూడబాతులు గూళ్లు కట్టుకోవడం కళ్లారా చూడొచ్చు. నీళ్లలో చెట్లు చాలక అటవీశాఖ వాళ్లు ఇనప స్టాండ్లు నాటితే, వాటి మీదే పిల్లల్ని పెంచుతున్నాయి. పక్షులు తమ వంతు సర్దుకుంటున్నాయి. సర్దుకోవలసింది మనమే.

గుర్తింపు వచ్చినంత మాత్రాన రక్షణ రాదని కొల్లేరు చెప్పినంత స్పష్టంగా ఇంకేదీ చెప్పలేదు. సరస్సులో గట్లు పోసి చేపల చెరువులు తవ్వారు. 2006లో కోర్టు ఆదేశాలతో ఆపరేషన్ కొల్లేరు పేరిట ఆ గట్లను కొట్టేశారు. కొన్నేళ్లకు చాలాచోట్ల మళ్లీ లేచాయి. అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలన్న డిమాండు ఈనాటికీ వినిపిస్తూనే ఉంది.

ఇక్కడ ఒక్క వైపే మాట్లాడితే న్యాయం కాదు. అభయారణ్యం గీత లోపల సుమారు 15 వేల ఎకరాల జిరాయితీ భూములున్నాయి. తాతల నాటి పట్టా ఉన్న రైతుకు పరిహారం తేల్చకుండా నువ్వు ఆక్రమణదారువి అంటే ఎవరు ఒప్పుకుంటారు? లంక గ్రామాల్లో మావులు వేసి చేపలు పట్టుకునే కుటుంబాల బాధ ఇంకోటి. సరస్సుకు గట్లు అడ్డం పడ్డాక వాళ్లకు వేట ఎక్కడుంటుంది? పట్టా ఉన్న చిన్న రైతు, వలే ఆధారమైన జాలరి, బయటినుంచి వచ్చి వందల ఎకరాలు లీజుకు తీసుకున్న పెట్టుబడిదారు: ఈ ముగ్గురినీ ఒకే గాటన కట్టినంత కాలం ఈ తగవు తెగదు. పట్టా భూమికి పరిహారం ఇవ్వాలి, జాలరికి వేట హక్కు ఉండాలి, అక్రమ గట్టు పోవాలి. నా ఆలోచన ఇది.

కొల్లేరు ఏలూరు జిల్లాది, బెజవాడవాళ్లకెందుకు అంటారా? మన బుడమేరు ఎక్కడికి పోతుంది? కొండపల్లి, మైలవరం వైపు గుట్టల్లో పుట్టి, మన ఊరి పక్కనుంచి పారి కొల్లేటిలోనే కలుస్తుంది. తమ్మిలేరు, రామిలేరు కూడా అక్కడికే చేరతాయి. ఆ నీళ్లన్నిటికీ సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య వరదను పట్టి ఉంచి నెమ్మదిగా వదిలే పళ్లెం కొల్లేరు. ఆ పళ్లెంలో గట్లు లేస్తే వరద నీరు పరుచుకోవడానికి చోటు తగ్గుతుంది. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ మునగడానికి బుడమేరు గండ్లు, కుండపోత వాన ముఖ్య కారణాలు. కానీ నీరు పారే దారినీ నిలిచే చోటునూ ఆక్రమిస్తే ఏమవుతుందో ఆ వారం రోజులు మనకు నేర్పాయి. ఎండాకాలంలో కష్టం ఇంకో రకం. పైనుంచి మంచినీరు తగ్గితే ఉప్పుటేరు గుండా ఉప్పునీరు పైకెక్కుతుంది. అప్పుడు కొల్లేటి చేపకూ కష్టమే, చుట్టుపక్కల వరికీ కష్టమే. పక్షుల కోసం కాపాడే నీరు, మన కోసం కాపాడే నీరు అని రెండు లేవు. ఉన్నది ఒక్కటే నీరు.

చివరిగా మన సంఘానికి మూడు విన్నపాలు. ఒకటి, ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. మన బడి తొమ్మిదో తరగతి పిల్లల్ని ఆ రోజుల్లో ఆటపాక తీసుకెళదాం. బస్సు ఖర్చు మనం పెట్టుకోలేనిదేమీ కాదు. పుస్తకం పట్టుకుని పక్షుల్ని లెక్కపెట్టిన పిల్లవాడు ఆ చోటును మరిచిపోడు. రెండు, బుడమేరులో మనం వేసే చెత్త చివరికి కొల్లేరు చేరుతుంది. మన పేటల్లో ఆ పని మాన్పించడం మన చేతుల్లోనే ఉంది. మూడు, కొల్లేటిలో చెరువులున్న మిత్రులకు. సర్వే వాళ్లు వచ్చి హద్దురాయి పాతుతామంటే దయచేసి అడ్డుపడకండి. హద్దు తేలితే నిజమైన పట్టాదారుకే ముందు మేలు.

యాభై ఏళ్ల కిందట ఈ బడికి స్థలమిచ్చిన పెద్దలు తమ మనవల కోసం ఆలోచించారు. కొల్లేటి విషయంలో మనం చేయవలసిందీ అదే.