టెన్నిస్ క్రీడ – అంతర్జాల వర్తకం
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్యాలయపు ఉత్సవంలో టెన్నిస్ ఆటకు, ఫోనులో సాగే వర్తక ప్రచారానికి ముడిపెట్టడం మొదట వింతగా తోచవచ్చు. కాని ఈ బడిలో ఎక్కాలు వల్లించి వెళ్లినవారిలో వర్తకమే జీవనాధారంగా గలవారు తక్కువేమీ కాదు. వారి అంగడికి నేడు రెండు వాకిళ్లు. ఒకటి వీధిలోకి తెరుచుకుంటుంది. రెండవది కొనుగోలుదారు చేతిలోని ఫోనులో తెరుచుకుంటుంది. ఆ రెండవ వాకిలి వద్ద ఎదురయ్యే పోటీదారులు పెద్ద పెట్టుబడి గలవారు. తనకంటె బలవంతుడైన ప్రత్యర్థి ముందు చిన్నవాడు నిలవడం ఎట్లా? ఈ ప్రశ్నకు 1975 జూలైలో వింబుల్డన్ మైదానంలో ఒక సమాధానం లభించింది.

ఆనాటి పురుషుల తుదిపోటీలో ఒకవైపు జిమ్మీ కానర్స్. వయస్సు 22 సంవత్సరాలు. 1974లో తాను పాల్గొన్న మూడు గ్రాండ్‌స్లామ్ పోటీలలోనూ విజేత. రెండవవైపు ఆర్థర్ ఆష్. 32 ఏళ్లు నిండడానికి ఐదు రోజుల దూరంలో ఉన్నవాడు. అంతకుముందు కానర్స్‌పై ఒక్కసారి కూడా నెగ్గనివాడు. ఆష్ గెలుస్తాడని ఊహించినవారు అరుదు.

కానర్స్ శక్తి అంతా ఎదుటివాని వేగాన్ని తన ఆయుధంగా మలచుకోవడంలో ఉంది. బంతి ఎంత వేగంగా వస్తే అంతకు మించిన వేగంతో దానిని తిప్పి పంపగలడు. ఆష్ కూడా స్వతహాగా బలంగా కొట్టే ఆటగాడే. అయితే తన అలవాటు ప్రకారం ఆడితే ప్రత్యర్థి చేతికి తానే ఆయుధం అందించినట్లవుతుందని అతడు గ్రహించాడు. మిత్రులతో కలిసి ఆలోచించి, ఆటతీరును మార్చుకున్నాడు. కానర్స్ ఫోర్‌హ్యాండ్ వైపు వేగం తగ్గించి, నేలకు దగ్గరగా బంతులు వేశాడు. సర్వీసును పక్కకు దూరంగా పంపాడు. ప్రత్యర్థి ముందుకు వస్తే తలమీదుగా బంతిని ఎత్తివేశాడు. మొదటి రెండు సెట్లు 6-1, 6-1తో ఆష్ వశమైనాయి.

అసలు పరీక్ష ఆ తరువాత వచ్చింది. మూడవ సెట్టు 5-7తో చేజారింది. నాల్గవ సెట్టులో 0-3తో వెనుకబడ్డాడు. అటువంటి వేళ పాత అలవాటుకు మరలిపోవడం మానవ సహజం. ఆష్ మరలలేదు. విరామ సమయాలలో కళ్లు మూసుకుని మనస్సును నిలుపుకున్నాడు. ఆలోచించి ఎంచుకున్న మార్గంలోనే సాగాడు. ఆ సెట్టును 6-4తో గెలిచి, వింబుల్డన్ పురుషుల సింగిల్స్ విజేతలలో తొలి నల్లజాతి క్రీడాకారుడైనాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే వర్తకుడు ఈ కథలోని మొదటి భాగం వినాలి. రెండు రోజులు బేరం తగ్గగానే ప్రకటన మార్చివేసే వర్తకుడు రెండవ భాగం వినాలి. మార్పు పరిశీలన నుండి పుట్టాలే గాని భయం నుండి కాదు. అందుకే అంతర్జాల ప్రచారంలో ఆరితేరినవారు ఒకేసారి అన్నీ మార్చరు. రెండు ప్రకటనలు సిద్ధం చేసి, వాటిలో ఒక్క అంశం మాత్రమే వేరుగా ఉంచి, ఒకే తరహా జనసమూహాలకు చూపుతారు. ఎన్ని రోజులు పరీక్షించాలో ముందే నిర్ణయించుకుంటారు. గడువు ముగిసిన పిమ్మటనే తీర్పు చెబుతారు.

అయితే తీర్పుకు ఏ అంకె ఆధారం? దీనికి 2019 నాటి వింబుల్డన్ తుదిపోటీ చక్కని ఉదాహరణ. 4 గంటల 57 నిమిషాలు సాగిన ఆ పోటీలో రోజర్ ఫెదరర్ 218 పాయింట్లు గెలిచాడు. నోవాక్ జొకోవిచ్ గెలిచినవి 204. విజేత మాత్రం జొకోవిచ్. టైబ్రేకులు మూడింటినీ అతడే గెలిచాడు. ఫెదరర్‌కు గెలుపు ఒక్క పాయింటు దూరంలో ఉండగా రెండుసార్లు అడ్డుకున్నాడు.

అంగడిలోనూ ఇదే న్యాయం. ఒక చీరల వర్తకుడు సమానమైన ఖర్చుతో రెండు ప్రకటనలు ఇచ్చాడనుకోవచ్చు. మొదటిది చూసి 1,000 మంది అంగడి పుటకు వచ్చారు. 10 మంది కొన్నారు. రెండవది చూసి 300 మందే వచ్చారు. 24 మంది కొన్నారు. వచ్చినవారి లెక్క చూస్తే మొదటిది ఘనం. కొన్నవారి లెక్క చూస్తే మొదటిది నూటికి ఒకటి, రెండవది నూటికి ఎనిమిది. వీక్షకుల సంఖ్య చూసి మురిసిపోయేవాడు 218 పాయింట్లు గెలిచి ఓడినవాని వంటివాడు. ఏ అంకె ఇల్లు గడుపుతుందో ఆ అంకెనే ముందు చూడాలి.

మూడవ పాఠం ఆండ్రీ అగస్సీ స్వయంగా చెప్పినది. బోరిస్ బెకర్ చేతిలో అతడు తొలి మూడు పోటీలూ ఓడిపోయాడు. బెకర్ సర్వీసు చేసే ముందు నాలుక ఏ వైపుకు చాపుతాడో, బంతి ఆ వైపే వస్తుందని కనిపెట్టాడు. తరువాతి 11 పోటీలలో 10 గెలిచాడు. అయినా ఆ రహస్యాన్ని ప్రతి బంతికీ వాడక, కీలక సమయాలకే దాచుకున్నాడు.

పోలిక ఇక్కడ ఆగాలి. బెకర్ ప్రత్యర్థి, కొనుగోలుదారు ప్రత్యర్థి కాదు, అతిథి. అతిథి కదలికలను చాటుగా కనిపెట్టడం ఆటలో చాతుర్యమైనా అంగడిలో అపచారం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి కూడా ముఖ్య ఆధారం సమ్మతియే. అడిగి తెలుసుకున్న సమాచారం నమ్మకాన్ని పెంచుతుంది. దొంగచాటుగా సేకరించినది ఉన్న నమ్మకాన్ని హరిస్తుంది.

ఇంట తెలుగు, వీధిలో ఇరుగుపొరుగు భాష మాట్లాడుతూ పెరిగిన పిల్లలకు పెద్ద పెట్టుబడి లేకపోవచ్చు. కాని రెండు భాషలలో ప్రకటన వ్రాసి, దేనికి ఎవరు పలుకుతున్నారో పరిశీలించగల శక్తి వారికి పుట్టుకతోనే అబ్బింది. కానర్స్ వేగం ముందు ఆష్ నెమ్మది ఎటువంటిదో, పెద్ద సంస్థల ధనం ముందు ఈ పిల్లల భాషాజ్ఞానం అటువంటిది. తెలుగు మాధ్యమంలో చదివించినందువల్ల బిడ్డ వెనుకబడతాడేమోనని శంకించే తల్లిదండ్రులు ఈ మాటను గుర్తుంచుకుందురు గాక. కన్ను పరిశీలన నేర్చి, చేయి లెక్క నేర్చి, మనస్సు నిజాయితీ నేర్చిన బిడ్డకు ఏ మైదానమూ పరాయిది కాదు.

స్వస్తి.