ఎరువుల ఫ్యాక్టరీని ముంచింది యూనియన్లేనా?

(గోదావరిఖనిలో కార్మికులు, ఉద్యోగులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఖని చౌరస్తాలో చాయ్ తాగుతూ ఎఫ్.సి.ఐ. ఎందుకు మూతపడ్డదని అడిగితే పదిమందిలో ఆరుగురు ఒకటే మాట చెబుతారు: "యూనియన్లు ముంచినయ్." చెప్పేవాళ్లలో సగంమంది 1999 నాటికి పుట్టనే లేదు. ఈ మాట ఎవరు నేర్పారు? ఇప్పుడెందుకు మళ్లీ గట్టిగా వినబడుతోంది? 2024 జూన్‌లో మన కళ్లముందే 62.5 మెగావాట్ల బి-థర్మల్ ఆగిపోయింది. 1971 నుంచి తిరిగిన మిషను, ముసలిదైంది, ఆగింది. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఇలాంటప్పుడు "యూనియన్ ఉంటే ఫ్యాక్టరీ ఉండదు" అనే మాట ఎవరికి పనికొస్తుందో వేరే చెప్పాలా?

మనం లెక్కలోకి దిగుదాం. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ బొగ్గు నుంచి యూరియా తీసే ఫ్యాక్టరీ. రోజుకు 900 టన్నుల అమ్మోనియా, 1500 టన్నుల యూరియా తీసే సామర్థ్యంతో కట్టారు. 1980 నవంబర్‌లో ఉత్పత్తి మొదలైంది. సరిగ్గా ఇదే నమూనాతో, ఇంతే సామర్థ్యంతో ఒడిశాలోని తాల్చేర్‌లో ఇంకో ఫ్యాక్టరీ కట్టారు. ఇది దానికి కవల. అక్కడి రాష్ట్రం వేరు, భాష వేరు, యూనియన్ నాయకులు వేరు. మరి తాల్చేర్ ఎప్పుడు ఆగింది? రామగుండం ఆగిన రోజే. 1999 మార్చి 31 రెండింటికీ ఆఖరి రోజు. ఏడు వందల కిలోమీటర్ల అవతల ఉన్న ఒడియా కార్మికుడు, ఇక్కడి ఖని కార్మికుడు ఫోన్లు చేసుకొని ఒకేరోజు ఫ్యాక్టరీలు ముంచారా? యూనియన్లు ముంచినయ్ అనే పెద్దమనిషిని ఈ ఒక్క ప్రశ్న అడగండి. నీళ్లు నములుతాడు.

కారణాలు మన కళ్లముందే ఉన్నాయి. బొగ్గును పొడిచేసి ఆక్సిజన్‌తో గ్యాసుగా మార్చే ఆ యంత్రాలు బయటిదేశపు పరిజ్ఞానంతో వచ్చాయి. మన బొగ్గులో బూడిద ఎక్కువ. ఆ బూడిద యంత్రాన్ని లోపలి నుంచి తినేసింది. కరెంటు కాసేపు పోయినా ప్లాంటు మొత్తం ట్రిప్పయ్యేది. మళ్లీ లైన్లోకి తేవాలంటే తల ప్రాణం తోకకు వచ్చేది. పక్కనే దేశానికి వెలుగులిచ్చే ఎన్టీపీసీ, ఈ పక్కన కరెంటు కోతతో ఆగే ఎరువుల ఫ్యాక్టరీ! ఇది చాలదన్నట్టు 1980లలో హజీరా గ్యాసు పైపులైను వెంట ఉత్తరాదిన కొత్త ఫ్యాక్టరీలు లేచాయి. గ్యాసుతో యూరియా చవక. బొగ్గు యూరియా దాంతో పోటీపడలేదు. 1992లో ఎఫ్.సి.ఐ. సంస్థ మొత్తం ఖాయిలా జాబితాకెక్కింది. యంత్రాలు మార్చడానికి డబ్బు పెట్టాల్సింది ఢిల్లీ. పెట్టలేదు. 2002 సెప్టెంబర్‌లో మూసివేత నిర్ణయం వచ్చింది. గోరఖ్‌పూర్ 1990లోనే ఆగింది, సింద్రీ 2002లో ఆగింది. కోర్బా అయితే కట్టడం మధ్యలోనే ఆగిపోయింది. పనే మొదలుకాని ఫ్యాక్టరీలో సమ్మె చేసినవాడు ఎవడు?

యూనియన్లన్నీ కడిగిన ముత్యాలని మనం చెప్పడం లేదు. సింగరేణిలో 1991-92 ఒక్క ఏడాదిలోనే 400కు పైగా సమ్మెలు జరిగాయి. గనికో యూనియన్, యూనియన్‌కో జెండా. ఒకడు సమ్మె పిలుపిస్తే ఇంకొకడు అంతకంటే పెద్ద సమ్మె పిలుపివ్వాల్సిందే. నష్టాలతో సింగరేణి కూడా ఖాయిలా గడప తొక్కింది, అదీ రెండుసార్లు. సమ్మెలే ఫ్యాక్టరీలను ముంచేవైతే ముందు మునగాల్సింది సింగరేణి. అది నిలబడ్డది. కేంద్రం, రాష్ట్రం అప్పుల భారం తగ్గించాయి, కొత్త ఓపెన్‌కాస్టులు వచ్చాయి. 1998లో గుర్తింపు సంఘం ఎన్నికలు పెట్టి ఎవరితో మాట్లాడాలో కార్మికుల ఓటుతో తేల్చారు. యజమాని పూనుకుంటే సంస్థ బతుకుతుందనడానికి సాక్ష్యం మన ఊళ్లోనే ఉంది. ఓపెన్‌కాస్టుల పేరున మాయమైన ఊళ్ల కథ వేరే ఉంది, అది ఇంకోరోజు మాట్లాడుకుందాం.

మరి యూనియన్ల తప్పు ఎక్కడుంది? సమ్మె చేయడంలో లేదు. ఎవరిని వదిలేశారన్న దాంట్లో ఉంది. ఎఫ్.సి.ఐ. మూసినప్పుడు స్వచ్ఛంద విరమణ పేరుతో పర్మినెంట్ ఉద్యోగి చేతిలో ఎంతో కొంత పడ్డది. అది న్యాయంగా రావాల్సిన దాంట్లో ఏ పాటిదన్నది వేరే సంగతి. కాని బస్తాలు మోసిన హమాలీకి, బూడిద ఎత్తిన కాంట్రాక్టు కూలీకి ఏ స్కీమూ లేదు. జాబితాలో పేరే లేనివాడికి విరమణ ఏముంటుంది? క్వార్టర్ల ముందు బండి పెట్టుకున్నవాడు, కిరాణం నడిపినవాడు ఎవరి లెక్కలోకీ రాలేదు. బి-థర్మల్ ఆగినప్పుడూ సంగతి ఇంతే. జెన్‌కోకు వేరే ప్లాంట్లున్నాయి, పర్మినెంట్ ఉద్యోగికి బదిలీ ఉంటుంది. గేటు ముందు హోటల్‌ను ఎక్కడికి బదిలీ చేస్తారు?

ఉద్యమ రోజుల్లో ఎఫ్.సి.ఐ. పేరెత్తకుండా ఈ గడ్డ మీద సభ ముగిసేది కాదు. ఆజంజాహీ మిల్లు, అంతర్గాం మిల్లు, ఎఫ్.సి.ఐ. అని వరసగా చదివేవాళ్లం. 2011 సకల జనుల సమ్మెలో బాయి దొరల నోటీసులకు బెదరకుండా బొగ్గు ఆపిన కార్మికులు ఇక్కడే ఉన్నారు. రాష్ట్రం వచ్చింది. ఫ్యాక్టరీ కూడా వచ్చింది. ఎన్.ఎఫ్.ఎల్., ఇంజినీర్స్ ఇండియా, ఎఫ్.సి.ఐ. కలిసి 2015లో ఆర్.ఎఫ్.సి.ఎల్. పెట్టాయి, మన రాష్ట్రానికీ 11 శాతం వాటా ఉంది. 2021 మార్చిలో ఉత్పత్తి మొదలైంది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం, పాత ఫ్యాక్టరీకి రెండింతలకు పైమాటే. బొగ్గు మీద కూర్చున్న మన ఊరికి గ్యాసు పైపులో వచ్చింది. సంతోషమే. కాని పర్మినెంట్ కొలువులు కొన్ని వందలే. బస్తాలెత్తేది, ఊడ్చేది, కాపలా కాసేది కాంట్రాక్టరు మనిషే.

2025 వానాకాలంలో యూరియా కోసం తెలంగాణ రైతు చెప్పులు లైన్లో పెట్టి నిలబడ్డాడు. అదే కాలంలో సాంకేతిక లోపాలతో ఈ కొత్త ఫ్యాక్టరీ చాలారోజులు ఆగింది. అప్పుడు మాత్రం యూనియన్లు ముంచాయని ఎవరూ అనలేదు. పైపు లీకైతే లీకైందనే చెప్పారు. మరి 1990లలో బూడిదకు అరిగిన యంత్రం పాపం మాత్రం కార్మికుడి నెత్తినెందుకు పెట్టినట్టు?

ఇప్పుడు కొత్త కోడ్ సంగతి. ఇదివరకు 100 మంది పనిచేసే ఫ్యాక్టరీ మూయాలన్నా సర్కారు అనుమతి కావాలి. ఇప్పుడది 300 మందికి పోయింది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఏ పరిశ్రమలోనైనా తప్పనిసరి. యాజమాన్యంతో మాట్లాడే ఏకైక యూనియన్ కావాలంటే సంస్థ మస్టర్‌లో ఉన్నవాళ్లలో 51 శాతం బలం ఉండాలి. మస్టర్ అన్నమాట గట్టిగా గుర్తు పెట్టుకోండి. కాంట్రాక్టు కార్మికుడి మస్టర్ ఎవరి దగ్గర ఉంటుంది? కాంట్రాక్టరు దగ్గర.

2023 డిసెంబర్ 27న సింగరేణి ఎన్నికల్లో ఓటర్లు దాదాపు 40 వేలు. ఏఐటీయూసీ గెలిచింది, ఐఎన్‌టీయూసీతో తేడా రెండు వేల ఓట్లు. మూడు దశాబ్దాల కింద లక్ష దాటిన కార్మికులు ఇవాళ ఇంతకు దిగారు. పని తగ్గిందా? తగ్గలేదు. పని కాంట్రాక్టరు చేతికి పోయింది. 2022 సెప్టెంబర్‌లో రెండు వారాలకు పైగా సమ్మె చేసిన కాంట్రాక్టు కార్మికులకు ఈ ఎన్నికల్లో ఒక్క ఓటు కూడా లేదు.

అందుకే అన్నలకు ఒక మాట. ఈసారి ఎన్నికలు ఎప్పుడొచ్చినా ప్రతి యూనియన్ మీ గని గేటు దగ్గర మీటింగ్ పెడుతుంది. అలవెన్సులు, క్వార్టర్లు, సొంతింటి పథకం అన్నీ చెబుతారు. చెప్పనీయండి. ఆ తర్వాత లేచి నిలబడి, మీ పక్కన అదే మట్టి ఎత్తుతున్న కాంట్రాక్టు కార్మికుడికి మీ యూనియన్‌లో సభ్యత్వం రాస్తారా, రాయరా అని అడగండి. రాస్తామంటే అక్కడే, ఆ గేటు దగ్గరే పుస్తకం తెరిపించండి.