గోనెసంచియు, దీపమును
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన భవనము వెనుకనున్న పాత గిడ్డంగిని గూర్చి నేడు నిర్ణయము చేయవలసియున్నది. దానిని ఏడాది పొడవున అద్దెకిచ్చుటయా, లేక మన పిల్లలు కోరినట్లు రెండు నెలలు వారి కళాప్రదర్శనమునకు విడుచుటయా అనునది ప్రశ్న. ఆ అద్దె సొమ్ముతోనే మన తెలుగు తరగతి ఉపాధ్యాయునకు జీతము ముట్టుచున్నది. కనుక ఇది చిన్న ప్రశ్న కాదు. మేము వర్తకులము, మెట్రిక్యులేషనుతో చదువు చాలించినవారము. అయినను గత సంవత్సరము జరిగిన యొక పొరపాటు మాదే గనుక, నాలుగు మాటలు చెప్పుట మా విధి.

గత ఉగాది ఉత్సవమునాడు, చిత్రకళాశాలలో చదువుచున్న మనవారి అమ్మాయి యొకతె, ఈ భవనపు వసారాలో చినిగిన గోనెసంచులను కుట్టి తెరవలె వ్రేలాడదీసి, వెనుక దీపములు అమర్చినది. ముఖ్య అతిథి వచ్చు వేళకు అది మా కంటికి చెత్తగా కనబడినది. తీసివేయుమని మేమే చెప్పితిమి. ఆ బిడ్డ మారుమాటాడక సంచులను మడిచి, ఆటోలో వేసికొని పోయినది. నాటినుండి మన సభలకు రాలేదు. ఆ సంచులు మా అంగడినుండి పోయినవే యనియు, వానిపై మా తండ్రిగారి కాలపు వ్యాపార ముద్ర యున్నదనియు మాకు తరువాత తెలిసినది.

ఇట్టి కళను ఇన్‌స్టలేషన్ అందురు. పటమును గోడకు తగిలించినట్లు, విగ్రహమును పీఠముపై నిలిపినట్లు గాక, ఇందు గది యంతయు కళాఖండమే. చూచువాడు దాని నడుమ నడచును. సీసా మూత, స్టీలు గిన్నె, పొగమంచు, వెలుతురు, అన్నియు ఇందు ముడిసరుకులే.

ఘానా దేశమున 1987లో జన్మించిన ఇబ్రహీం మహామా అను శిల్పికి గోనెసంచియే ప్రధాన ద్రవ్యము. ఆసియాలో నేసిన సంచులు కోకో గింజలకై ఘానా చేరును. పిదప ధాన్యము మోయును. కడకు బొగ్గు మోయును. కుట్లు, మరకలు, వర్తకుల గుర్తులు వానిపై మిగులును. ఆయన క్రొత్త సంచులిచ్చి పాతవి పుచ్చుకొని, వానిని కుట్టించి, పెద్ద పెద్ద భవనముల గోడలనే కప్పును. 2015లో వెనిస్ ప్రదర్శనమున ఒక పొడవైన మార్గపు గోడలను అట్లే కప్పెను. ఖాళీ బస్తా వెల ఎంతయో మేమెరుగుదుము. కాని దానిని ఎవరు మోసిరో మా చిట్టాలో ఏనాడును వ్రాయలేదు. ఆ శిల్పి వ్రాసినది ఆ లెక్కయే.

ఆ దేశముననే 1944లో పుట్టి, నైజీరియాలోని న్సుక్కాలో చిరకాలము బోధించిన ఎల్ అనత్సుయి, మద్యపు సీసాల మూతలను నలిపి, చదును చేసి, రాగితీగతో వేలకొలది కలుపును. దూరమునకు అవి జరీ వస్త్రమువలె మెరయును. ఐరోపా వర్తకులు మద్యము నిచ్చి మనుష్యులను కొన్న చరిత్ర ఆ మూతల వెనుక కలదు. 2015లో వెనిస్‌లో ఆయనకు జీవితసాఫల్య స్వర్ణసింహ బహుమానము లభించినది. ఆ వస్త్రమునకు నిలుకడయైన రూపము లేదు. ఏ ఊరిలో తగిలించినవారు ఆ గోడకు తగినట్లు మడతలు అమర్చుదురు. మడతలు మారును గాని తీగ తెగదు. తరతరములుగా పొరుగు రాష్ట్రమున కాపురమున్న మనకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక వెలుతురు సంగతి. 2003లో లండనులోని టేట్ మోడరన్‌లో ఓలఫర్ ఎలియాసన్ ఒక సూర్యుని నిలిపెను. ఆ భవనము పూర్వము విద్యుత్కేంద్రము. సుమారు 200 దీపములను అర్ధవృత్తముగా అమర్చి, కప్పు నిండ అద్దమువంటి రేకు పరచగా, ప్రతిబింబముతో కలిసి పూర్ణబింబమైనది. ఆ దీపములది ఒకే పసుపు కాంతి. దానియందు తక్కిన రంగులన్నియు మాసిపోయెను. ఇరువది లక్షలకు పైగా జనులు వచ్చిరి. పలువురు నేలపై వెల్లకిల పరుండి, పై అద్దములో తమ్ము తాము చూచుకొనిరి.

ఇది మనకు బొత్తిగా క్రొత్తయా? తోలును గీకి, వెలుతురు చొచ్చునంత పలుచన చేసి, రంగులద్ది, రంధ్రములు తొలిచి, వెనుక దీపముంచి రామాయణము నాడించిన జాతి మనది. ధర్మవరము దరి నిమ్మలకుంటలో ఆ విద్య నేటికిని నిలిచియున్నది. అచ్చటి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. ఆ తోలుతో నేడు దీపపు గొడుగులును చేయుచున్నారు. ఆ కళాకారులలో పలువురి యింటి భాష మరాఠీ. ఆటలో భాష తెలుగు. మనవలె వారును ఇంట నొక భాష, వీధిలో నొక భాష గలవారే.

గిడ్డంగిలో కళ యేమిటని కొందరు అడుగుచున్నారు. కొచ్చిలోని ఆస్పిన్‌వాల్ భవనము పూర్వము 1867లో స్థాపితమైన వర్తక సంస్థది. మిరియములు, అల్లము, పసుపు ఎగుమతి చేసిన చోటు. 2012 డిసెంబరు 12న ప్రారంభమైన కొచ్చి–ముజిరిస్ ద్వైవార్షిక ప్రదర్శనమునకు అదియే ముఖ్య స్థానమైనది. మరుసటి సంవత్సరారంభమున వ్యాపారముపై పోయి, అచ్చట సుబోధ్ గుప్తా నిలిపిన పడవను చూచితిమి. పడవ నిండ ఇంటి సామాను, పాత్రలు. ఊరు విడిచిన కుటుంబము కండ్ల ముందు నిలిచినట్లైనది. అంతటిదానిని చూచియు, మన యింటి బిడ్డ చేసినదానిని గుర్తింపలేకపోతిమి!

ఇట్టివన్నియు మేలైనవే యని మేమనము. అంగడికి నాసి సరుకును వచ్చును. కాని మూట విప్పి చూచిన పిదపనే దానిని త్రిప్పి పంపుదుము.

కనుక మా ప్రతిపాదన ఇది. గిడ్డంగిని రెండు నెలలు పిల్లల కిచ్చెదము. ఆ రెండు నెలల అద్దెను మేము చెల్లింతుము; ఉపాధ్యాయుని జీతమున పైసయు తగ్గదు. నిన్న సాయంకాలము ఆ బిడ్డ యింటికి పోయి, తప్పు మాదని చెప్పితిమి. కొంతసేపు మౌనముగా నుండి, "సంచులు దాచియే యుంచితిని, పెదనాన్నగారూ" అన్నది.

సభవారు ఆమోదింప ప్రార్థన. సెలవు.