పసిపలుకుల పరీక్ష

నల్లమాడ వంటి పల్లెలో అంగన్‌వాడీ వాకిట కాసేపు నిలిచినవారికి, నాలుగేండ్ల బిడ్డ యొకతె గోడమీది కాకిని చూపి 'తాతి' యనుటయు, ప్రక్కనున్న పిల్లవాడు రాగిముద్దను 'లాగిముద్ద' యనుటయు, పెద్దలు మురిసిపోయి ఆ మాటలనే మరల మరల పలికించుకొనుటయు కొత్త సంగతులు కావు. రెండేండ్లనాడు అవి ముద్దుమాటలు. నాలుగేండ్లు నిండినను బిడ్డ మాట ఇంటివారికి తప్ప పొరుగువారికి తెలియకున్నచో, 'వస పోసితిమి, అదే వచ్చును' అని ఊరకుండుట ఎంత పొరపాటో, 'నత్తివాడు' అని పేరు పెట్టి నవ్వుట అంత పాపము.

అట్టి బిడ్డ మాటను పరీక్షించువారు నోటికంటె ముందు చెవిని చూతురు. జలుబు చేసినప్పుడెల్ల చెవి కారు బిడ్డకు నెలల తరబడి సకార శకారములు మసకగానే వినబడును. వినని ధ్వనిని నాలుక ఎట్లు నేర్చును? పిదప అంగిలి. గ్రహణమొర్రి పెదవిపై కనబడకయే లోపలి అంగిలిలో దాగియుండవచ్చును. ముక్కు క్రింద చిన్న యద్దము పట్టి 'పాప' యని పలికింతురు. అద్దముపై ఆవిరి పట్టినచో నోట నిలువవలసిన గాలి ముక్కుదారిని పోవుచున్నదని అనుమానించి, అంగిలిని మరింత శ్రద్ధతో చూతురు. నాలుక క్రింది తీగెను కోయించిన మాట వచ్చునని పల్లెలలో గట్టి నమ్మకము. బిడ్డ నాలుకను పెదవి దాటించి చాపి, పైపండ్ల వెనుకకు ఆనించగలిగినచో ఆ తీగెపై నేరము మోపరాదు.

చెవియు అంగిలియు బాగున్నవని తేలిన పిదప బొమ్మలు చూపుదురు. 'కాకి అను' అని అందించినచో బిడ్డ అనుకరించి గట్టెక్కవచ్చును గనుక, మొదట బొమ్మను చూచియే పేరు పలుకవలెను. తెలుగు మాటలు చాలవరకు అచ్చులతో ముగియును గాన, ఇంగ్లీషు పరీక్షలలోవలె మాట చివర హల్లును వెదకు పనిలేక, మొదటను నడుమను విన్న చాలును. కాకి 'తాతి' యైనది, గాజులు 'దాజులు', కోడి 'తోడి' యైనవి. తల్లి లెక్కలో ఇవి మూడు తప్పులు. కంఠము మొదలు ఓష్ఠము వరకు ఉచ్చారణశాస్త్రము చెప్పిన మన శిక్షాకారులు స్థానక్రమమున అమర్చి యిచ్చిన వర్గములను ఎదుట పెట్టుకొని చూచినచో తప్పు ఒక్కటే: పరుషము పరుషముగానే, సరళము సరళముగానే నిలిచి, కంఠ్యములన్నియు దంతస్థానమునకు జరిగినవి. బంతిని 'పంతి' యనువానికి స్థానము సరియే, సరళము పరుషమైనది. సబ్బును 'తబ్బు' అనువానికి ఊష్మము స్పర్శమైనది. ఏ సూత్రము తప్పినదో తెలిసినగాని చికిత్సకు మొదలు దొరకదు. పలకమీద దిద్దించు అక్షరమాల ఇందుకు ఇంత నేరుగా ఉపకరించుట నాకు ఎన్నటికిని అబ్బురమే. వయస్సును కూడ చూడవలెను. రేఫము కొందరికి ఐదేండ్ల వరకు కుదురుకొనదు గనుక 'లాగిముద్ద' యను పిల్లవాని విషయమున కొంత ఓపిక పట్టవచ్చును. కవర్గము అంతకు చాల ముందే రావలసినది గాన 'తాతి' యను బిడ్డను ఇప్పుడే చూపవలెను.

ఇక్కడ పరీక్షకులకొక హెచ్చరిక. 'చెప్పు'ను 'సెప్పు' అనియు, 'భారతము'ను 'బారతము' అనియు పలుకు బిడ్డ ఇంట పెద్దలును అట్లే పలుకుదురేని అది ఆ యింటి యాస. దానిని రోగముగా వ్రాయుట అన్యాయము. 'చదువు'లోని చకారము దంత్యము, 'చెయ్యి'లోనిది తాలవ్యము. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున చెప్పిన ఈ భేదము నెరుగనివాడు సరియైన ఉచ్చారణనే తప్పుగా గుర్తించును. అంతేగాక ఈ రాయలసీమలో ఒక యింట ఉర్దూ, తండాలో లంబాడీ, హిందూపురము దిక్కున కన్నడము వినబడుచుండును. కావున ఆ బొమ్మల పేర్లను మొదట తల్లిచేత పలికించి విని, పిదప బిడ్డను అడుగుట మేలు.

ఒకే మాటను మూడుసార్లు అడిగిన మూడు విధములుగ పలుకు బిడ్డల సంగతి వేరు. అది నాలుక కదలికలను వరుసపెట్టుకొనుటలోని చిక్కు కావచ్చును, నిపుణులే తేల్చవలెను. అట్టి నిపుణులను తయారుచేయు అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1960 దశకము నడుమనుండి మైసూరులో నున్నది. అంత దూరము పోనక్కరలేకుండ, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుమారులు రావలెనని ఏర్పాటు కలదు. వినికిడి లోపము, గ్రహణమొర్రి, మాట ఆలస్యము వారు చూచువానిలోనివే. కరవుకు బెంగుళూరు పోవు కుటుంబముల బిడ్డలకు ఆ రెండు రాకలును తప్పిపోవుచుండుట నన్ను మిక్కిలి కలతపెట్టును. ఊరిలో నున్నప్పుడే, బిడ్డ ఇంట పలికిన పది మాటలను పలికినవి పలికినట్లే కాగితముపై వ్రాసి, వ్రాయరానివారు వ్రాయించి, కార్యకర్తకు ఇయ్యుడు. కొత్తవారి యెదుట బిడ్డ నోరు మెదపకున్నను ఆ కాగితమును బట్టి పరీక్ష మొదలుపెట్టవచ్చును.