కుటుంబ వ్యాపారము – లెక్క పుస్తకము



ధాన్యము కొలుచునపుడు తెలుగువారు మొదటి కొలతను ‘ఒకటి’ అనరు, ‘లాభము’ అందురు. ఆ తరువాతనే రెండు, మూడు అని లెక్క సాగును. అది శుభము కోరి పెద్దలు పెట్టిన అలవాటు. కాని రాశి దగ్గర చెల్లిన ఈ మాట కొట్టులో చెల్లదు. కొట్టులో లాభము మొదట వచ్చునది కాదు, అన్నిటికంటె కడపట తేలునది. సరకు వెల పోవలెను, బండి కిరాయి పోవలెను, అద్దె పోవలెను, వడ్డీ పోవలెను, ఎలుక కొట్టినదియు పురుగు పట్టినదియు పోవలెను. ఇన్నియు పోగా మిగిలినచో అది లాభము. ఈ వరుసను మరచి, గల్లాపెట్టెలో పడిన మొదటి రూపాయినే లాభమనుకొనుటవలన చిన్న వ్యాపారములు చెడుచున్నవి. వాటితోపాటు కుటుంబములును చీలుచున్నవి. నేటి ఉపన్యాసమునకు విషయ మిదియే.

వైరా వర్తకమునకు అనువైన చోటు. వైరా యేటికి అడ్డముగా నిజాము పాలనలో, 1930 ప్రాంతమున పూర్తియైన జలాశయము 17,000 ఎకరములకు పైబడిన ఆయకట్టుకు ఆధారము. ఖమ్మమునుండి తల్లాడ, సత్తుపల్లి మీదుగా గోదావరి సీమకు పోవు బాట ఈ ఊరిమీదుగానే సాగును. మధిరవైపు బాటయు ఇచ్చటనే చీలును. ఒక ప్రక్క కొత్తగూడెము, భద్రాచలముల అడవి సీమ. మరియొక ప్రక్క కృష్ణా తీరపు పల్లపు భూములు. ఇట్టి కూడలిలో కిరాణా కొట్టు, ఎరువుల దుకాణము, బట్టల కొట్టు, చేపల వ్యాపారము, కుట్టుపని, మరమ్మతుల పని – వీనిలో దేనినైనను ఒక కుటుంబము చేపట్టి బ్రతుకవచ్చును. కొనువారికి లోటు లేదు.

లోటు మరియొక చోట నున్నది. రైతు చేతికి సొమ్ము వచ్చుట ఏడాదికి ఒకటి రెండు మారులు మాత్రమే. ఉప్పు, పప్పు, నూనె, సబ్బు మాత్రము ప్రతిదినము కావలయును. ఈ రెంటి నడుమ నున్న ఎడమును పూడ్చునది ఊరి కొట్టు. అందుచేత పల్లెటూరి వర్తకుడు సరకు నమ్మువాడు మాత్రమే కాడు; తనకు తెలియకయే అప్పులిచ్చు షావుకారు కూడ అగుచున్నాడు. షావుకారుతనము తెలియక షావుకారగుటయే అతని కష్టములలో పెద్దది.

పూర్వపు వర్తకుని కష్టములు వేరు. నిజాము పాలనలో ఊరికి మకాము వచ్చిన అధికారులకును వారి పరివారమునకును వారు కట్టిన ధరకే సరకు లీయవలసి యుండెడిది. ఇది వెట్టిలో ఒక భాగము. 1921లో హైదరాబాదులో వెలసిన ఆంధ్ర జనసంఘము, మాడపాటి హనుమంతరావుగారి వంటి పెద్దల పూనికతో, ఈ అన్యాయము నెదిరించి ‘వర్తక స్వాతంత్ర్యము’ అను చిన్న పుస్తకమును ప్రకటించెను. ఊరూర గ్రంథాలయములు వెలయవలెనని పాటుపడినదియు ఆ సంఘమే. తెలంగాణమున కొట్టునకును గ్రంథాలయమునకును చుట్టరికము నాటినుండియే కలదు.

నాణెముల చిక్కు మరియొకటి. సంస్థానములో హాలీ సిక్కా, సరిహద్దు దాటిన కల్దారు రూపాయి. సుమారు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారులకు సమానము. బెజవాడలో సరకు కొని ఇచ్చట అమ్మువానికి ఈ మారకము తప్పినచో లాభము దారిలోనే జారిపోయెడిది. 1957లో నయాపైసలు వచ్చినవి. 1958 మొదలు మెట్రిక్ తూనికలు వచ్చి వీశెలను, మణుగులను తొలగించినవి. 2016 నవంబరు 8వ తేదీన 500, 1000 రూపాయల పాత నోట్లు రద్దయ్యెను. 2017 జూలై 1వ తేదీనుండి వస్తు సేవల పన్ను అమలులోనికి వచ్చెను. కాలము మారినకొలది కష్టపు రూపము మారుచునే యుండును. కాని తన దగ్గర సరకెంత, బాకీలెంత, నగదెంత అని పుస్తకము విప్పి చెప్పగలవాడు ఏ మార్పునైనను తట్టుకొనును. నోటిలెక్కల వర్తకునకు ప్రతి మార్పును ఒక వరదయే.

ఇక లెక్కలోనికి దిగి చూడవలెను. ఒక కుటుంబము రెండు లక్షల రూపాయల మూలధనముతో కిరాణా కొట్టు పెట్టిన దనుకొనుడు. దినమునకు 6,000 రూపాయల అమ్మకము. నూటికి పది చొప్పున 600 రూపాయలు మిగులును. అందులో అద్దె 100, కరెంటు 50, రవాణా 50, తరుగు 30 రూపాయలు పోగా నికరముగా నిలుచునది 370. ఇంటిల్లిపాదియు ఆ గల్లాపెట్టెనుండియే పాలకు, కూరలకు, బడి రుసుమునకు, పెండ్లి చదివింపులకు తీయుచుందురు. సగటున దినమునకు 500 తీసిరనుకొనుడు. దినమునకు 130 రూపాయలు మూలధనమునుండి పోవుచున్నవి. ఏడాదికి 47,450 రూపాయలు. నాలుగేండ్లు దాటిన కొన్నాళ్లకే రెండు లక్షలును హరించిపోవును.

విచిత్రమేమనగా, ఈ నాలుగేండ్లలో గల్లాపెట్టె ఒక్కనాడును ఖాళీగా కనబడదు. ప్రతి సాయంకాలమును దానిలో 6,000 రూపాయలుండును. అందులో అధిక భాగము టోకు వర్తకుని సొమ్మని దానిమీద వ్రాసియుండదు. అతడు అరువిచ్చినంతకాలము కొట్టు నడచుచున్నట్లే తోచును. ఒకనాడు ‘పాత బాకీ తీర్చి కొత్త సరకు తీసికొనుడు’ అని అతడనగానే గుట్టు బయటపడును. అప్పుడు ఇంటివారు దిష్టి తగిలినదందురు. ఎదురుగా కొత్త దుకాణము పెట్టినవానిని నిందింతురు. వ్యాధి వేరొకటి.

అరువు లెక్కయు ఇట్టిదే. 900 రూపాయలకు కొన్న సరకును ఆషాఢమాసమున ఒక రైతునకు 1,000 రూపాయలకు అరువిచ్చిరి. పంట అమ్మి అతడు పుష్యమాసమున తీర్చెను. మాట తప్పని మంచి మనిషియే. కాని ఆ 900 రూపాయలను కొట్టువారు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చియుండిరి. ఆరు నెలలకు వడ్డీ 108. లాభమెంత? నూరు. బాకీ పూర్తిగా వసూలైన తరువాత కూడ ఎనిమిది రూపాయలు నష్టము! అదే సొమ్మును బ్యాంకులో ఏడాదికి నూటికి పండ్రెండు చొప్పున తెచ్చియున్నచో వడ్డీ 54 రూపాయలు, 46 మిగిలెడివి. అరువు ఇయ్యరాదని దీని యర్థము కాదు. పల్లెలో అరువు మానిన కొట్టు మూతపడును. ఎవరికి, ఎంతవరకు, ఎన్ని నెలలకు అను హద్దును ముందే వ్రాసికొని, ఆ హద్దునకు తగిన చౌక పెట్టుబడిని సమకూర్చుకొనవలెనని తాత్పర్యము.

చౌక పెట్టుబడికి దారులున్నవి. 2015 ఏప్రిల్‌లో ప్రారంభమైన ముద్రా పథకమున చిన్న వ్యాపారులకు తాకట్టు లేకయే 10 లక్షల రూపాయలవరకు బ్యాంకు రుణ మేర్పడెను. మునుపటి అప్పు సక్రమముగా తీర్చినవారికి ఆ పరిమితిని 2024లో 20 లక్షలకు పెంచిరి. అయినను బ్యాంకువారు మొదట అడుగునది అమ్మకముల లెక్కయే. లెక్క చూపలేనివాడు మరల చేబదులు వడ్డీకే పోవుచున్నాడు. ఇక చీటీపాటల సంగతి. 1982నాటి చిట్‌ఫండు చట్టము ననుసరించి రిజిస్టరు కాని చీటీలో కొట్టు సొమ్ము పెట్టుట, తాళము లేని పెట్టెలో పెట్టుటవంటిది.

అయితే రూపాయలకంటె విలువైన దొకటి ఈ లెక్కలో చిక్కుకొని యున్నది. అది కుటుంబము. చాలయిండ్లలో కొట్టునకు తొలి పెట్టుబడి ఇల్లాలి నగలు. గాజులు కుదువబెట్టి సరకు తెత్తురు. ఆమె సొమ్ము ఏ పుస్తకములోను జమకాదు. పెద్దకొడుకు చదువు మాని పదేండ్లు కొట్టులో కూర్చుండును. అతనికి జీత మేర్పరుపరు. చిన్నవాడు పట్టణములో చదువుకొనును; ఆ ఖర్చు కొట్టునుండియే పోవును. ఆడపిల్లలు సరకు పొట్లములు కట్టి, అత్తవారింటికి పోవుదురు. తండ్రి ఉన్నంతకాలము అందరును ఒకటియే. తండ్రి పోయినపిమ్మట ప్రతివానికిని తన కష్టము పెద్దదిగాను, ఇతరులు తిన్నది పెద్దదిగాను కనబడును. ఇందులో ఎవరును అబద్ధమాడుట లేదు. వ్రాయబడని లెక్కను ఎవరి జ్ఞాపకమువారు వ్రాసికొనుచున్నారు, అంతే.

ఉమ్మడి ఆస్తిలో కుమార్తెలకును కుమారులతో సమానముగా జన్మహక్కు కలదని ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరునుండి అమలైన సవరణయు, దేశమంతటికి వర్తించు 2005నాటి సవరణయు చెప్పుచున్నవి. కావున కుటుంబ వ్యాపారములో ఎవరి వాటా యెంతయో ముందే కాగితముపై పెట్టుట నేడు మరింత అవసరము. అన్నదమ్ములు కలసి నడపు కొట్టునకు 1932నాటి భాగస్వామ్య చట్టము ప్రకారము ఒప్పందము వ్రాసికొనుట అపనమ్మకమునకు గుర్తు కాదు. నమ్మకము చెడకుండ కాచుకొను కంచె యది.

అడవి సీమకు వర్తకము పెంచదలచినవారు మరియొక సంగతి తెలిసికొనవలెను. పూర్వము కొందరు వర్తకులు సంతలలో కోయలకు, కొండరెడ్లకు ఉప్పును బట్టను అప్పుగా ఇచ్చి, చింతపండును ఇప్పపూవును తప్పుడు కొలతలతో తీసికొనుచు తరతరముల బాకీలు మోపిరి. ఆ అన్యాయమును అడ్డుటకే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడెను; షెడ్యూల్డు ప్రాంతములలో వడ్డీ వ్యాపారమును అదుపుచేయు నిబంధన 1960లో వచ్చెను. 1959లో చేసి 1970లో గట్టిపరచిన భూబదలాయింపు నిబంధన ననుసరించి అచ్చట గిరిజనేతరులు భూమి కొనుట చెల్లదు. స్థలము కొని కొట్టు కట్టుదమని బయలుదేరువారు ఈ చట్టములను ముందే చదువవలెను. కొనువాని తెలియనితనముమీద పెరిగిన వర్తకము, వానికి తెలివి వచ్చిననాడు నిలువదు. సరియైన తూకము ధర్మము మాత్రమే కాదు, వ్యాపారమునకు ఆయుష్షు కూడ.

చిన్నగా మొదలిడి నిలిచిన వ్యాపారమునకు తెలుగునాట మేలైన నిదర్శనము కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిది. కృష్ణా మండలములోని ఎలకుర్రులో 1867లో జన్మించి, కలకత్తా, రంగూనులలో పనిచేసి, బొంబాయి చేరి 1893లో ఆయన అమృతాంజనమును ప్రారంభించిరి. తలనొప్పికి ఒక లేపనము. ఎవరును ఎరుగని సరకు. సభలలోను సంగీత కచేరీలలోను ఉచితముగా పంచి, దాని గుణమును జనులచేతనే చెప్పించిరి. వచ్చిన లాభముతో 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసునుండి దినపత్రికగా వెలువరించిరి. 1926లో ఆంధ్ర గ్రంథమాలను నెలకొల్పిరి. దానధర్మములు ఎంత చేసినను సరకు గుణమును తగ్గనీయలేదు. 1936లో వ్యాపారమును కంపెనీగా మార్చిరి. ఆయన 1938లో గతించిరి. అమృతాంజనము నేటికిని అమ్మబడుచున్నది. యజమాని సొమ్ము వేరు, సంస్థ సొమ్ము వేరు అను కట్టుబాటు ఉన్నప్పుడు యజమాని పోయినను సంస్థ నిలుచును.

వైరాలోని చిన్న కొట్టునకు కంపెనీ కానక్కరలేదు. నాలుగు నియమములు చాలును. మొదటిది: కొట్టులో పనిచేయు ప్రతివారికిని, యజమానితో సహా, నెలకింత అని జీతమేర్పరచి, దానితోనే ఇల్లు గడుపుట. రెండవది: చిట్టా, ఆవర్జా అను రెండు పుస్తకములు. నాటి జమాఖర్చు చిట్టాలో నాడే వ్రాయవలెను. ఒక్కొక్కరి బాకీని ఆవర్జాలో వేరుగా ఎక్కించవలెను. మూడవది: ఇంటికి ఒకటి, కొట్టునకు ఒకటి బ్యాంకు ఖాతా. ఫోనుద్వారా వచ్చు సొమ్ము కంటికి కనబడదు గనుక కలసిపోవుట మరింత సులభము. నాల్గవది: ఏడాదికొకమారు సరకంతయు తూచి, బాకీలన్నియు కూడి, ఇంటిల్లిపాది ముందర ఆ లెక్కను పైకి చదువుట. పొదుపు సంఘముల స్త్రీలు ఈ పని ఎప్పుడో నేర్చిరి. వారి సమావేశములో పొదుపును అప్పును అందరి ముందర చెప్పి పుస్తకములో వ్రాయుదురు. సంఘములో అంత నిక్కచ్చిగా నుండు తల్లి, తన ఇంటి కొట్టు లెక్కను అడుగుటకు సంకోచింపనక్కరలేదు. ఆమె గాజులును అందులో ఉన్నవి.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా చదువుట నేర్పినది. ఇకమీదట వారమున కొక సాయంకాలము ఒక బల్లను లెక్కలకై కేటాయించినచో, చదువుకొన్న యువకులు కొట్టువారికి చిట్టా వ్రాయుటయు, బ్యాంకు కాగితములు నింపుటయు నేర్పవచ్చును. దానికి కావలసినది ఒక దీపము, రెండు కుర్చీలు, కొంత ఓపిక. కొత్త భవనముకంటె అది తక్కువ ఖర్చు. రానున్న ఏడాదిలో ఊరిలోని పది కొట్లు తమ సంవత్సరపు లెక్కను ఇంటివారి ముందర చదివినచో, ఈ రజతోత్సవము సార్థకమైనట్లే.