గుండీ పెట్టుట నేర్పువారు



పదవ తరగతిలో మంచి మార్కులు తెప్పించిన ఉపాధ్యాయులకు మనము శాలువాలు కప్పుచున్నాము. మంచిదే. అయితే ఆటిజమ్ గల బిడ్డకు చొక్కా గుండీ పెట్టుకొనుట నేర్పినవారిని మన నాయుడుపేటలో ఎందరము ఎరుగుదుము? వారు ఆ పనిని చివరనుండి నేర్పుదురు. గుండీని సగము కాజాలోనికి తామే దూర్చి, అవతలికి లాగుట మాత్రము బిడ్డకు విడుతురు. అది వచ్చిన తరువాతనే దాని ముందు మెట్టు. నెలలు పట్టును!

1995 చట్టములో లేని ఆటిజమ్, 2016 చట్టపు 21 వైకల్యములలో చేరినది. మండలములలో భవిత కేంద్రములున్నవి. కదలలేని బిడ్డల ఇండ్లకు ఉపాధ్యాయులే వెళ్లుదురు. ఈ శ్రమకు మార్కుల పట్టీ లేదు, తల్లులే సాక్షులు.

గనుక సెప్టెంబరు 5 తరువాతి ఆదివారము, ఆ తల్లులనడిగి, వారు చెప్పినవారిని ఆరాధనలో ముందుకు పిలుతము. బిడ్డలనుకూడ. వాక్యము మధ్య ఒక బిడ్డ కేకవేసినయెడల ఎవరము వెనుదిరిగి చూడనక్కరలేదు.