సూదిపోటు మనది, స్ట్రిప్పు ఖర్చు ఎవరిది?

(రైతు సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, కౌలు కార్డులు, కరెంటు కోతల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద షుగరు జబ్బు మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని తేలింది. ఇది కూర్చుని తినేవాళ్ల జబ్బు అనే మాట పాతబడింది. మన సభ్యుల్లో బిళ్లలు వేసుకునేవాళ్లు చేతులెత్తితే ఈ హాలులోనే లెక్క తెలుస్తుంది. కాలికి పుండు పడి, కిడ్నీ దెబ్బతిని ఆసుపత్రి పాలైతే ఆ అప్పు తీర్చాల్సింది పంట డబ్బుతోనే. కాబట్టి ఇది వ్యవసాయ సమస్యే.

ఇంట్లో షుగరు చూసుకోవడం ఉద్యోగస్తుల కంటే మనకే ఎక్కువ అవసరం. ఉద్యోగికి ఏడాది పొడుగునా ఒకే రకం పని. మనకు నాట్లప్పుడు, కోతలప్పుడు ఒళ్లు వంచి చాకిరీ. వేసవిలో రచ్చబండ. ఒంటి కష్టం కారుకారుకూ మారుతుంది, బిళ్ల మోతాదు మాత్రం మారదు. అందుకే పని రోజుల్లో షుగరు పడిపోతుంది, ఖాళీ రోజుల్లో పెరుగుతుంది. మూడు నెలలకోసారి డాక్టరు చూసే ఒక్క పరీక్షలో ఈ ఎగుడుదిగుళ్లు కనబడవు.

అలాగని అందరూ రోజూ గుచ్చుకోనక్కర్లేదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు రోజువారీ పరీక్ష తప్పదు. ఎన్నిసార్లో డాక్టరును అడగాలి. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి బిళ్లలు షుగరును మరీ కిందికి దించగలవు. అవి వాడేవాళ్లు అప్పుడప్పుడూ, పని బరువు పెరిగిన రోజుల్లో తప్పకుండా చూసుకోవాలి. ఒక్క మెట్‌ఫార్మిన్ మీదే ఉన్నవాళ్లకు షుగరు పడిపోవడం అరుదు. వాళ్లు రోజూ స్ట్రిప్పు ఖర్చు చేయనవసరం లేదు. రెండు మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష మాత్రం అందరూ చేయించుకోవాలి.

ఉన్న స్ట్రిప్పులనే తెలివిగా వాడుకుందాం. భోజనానికి ముందు ఒకసారి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకసారి చూస్తే ఆ భోజనం షుగరును ఎంత పెంచిందో తెలుస్తుంది. ఒక వారం అన్నం తిన్న పూట, మరో వారం జొన్నరొట్టె తిన్న పూట చూడండి. రొట్టెలు ఎన్ని తిన్నా ఏమీ కాదనే మాట ఎంత నిజమో మీటరే చెబుతుంది. చాలామందికి పరగడుపున 80 నుంచి 130 మధ్య, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉంటే అదుపులో ఉన్నట్టు. వయసు మళ్లినవాళ్లకు, వేరే జబ్బులున్నవాళ్లకు డాక్టరు ఈ లెక్క మార్చవచ్చు. మంచి మీటరైనా 15 శాతం అటూ ఇటూ చూపుతుంది. కాబట్టి నిన్న 150, ఇవాళ 160 వచ్చిందని కంగారు పడొద్దు.

పరీక్షకు ముందు సబ్బుతో చేతులు కడిగి బాగా ఆరబెట్టుకోవాలి. మామిడిపండు రసమో బెల్లమో వేలికి అంటి ఉంటే లేని షుగరు కనబడుతుంది. పని చేసి కాయలు కాచిన వేళ్ల నుంచి నెత్తురు తేలిగ్గా రాదు. వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చండి. అక్కడ నొప్పీ తక్కువ. చేతిని కాసేపు కిందికి వేలాడదీయండి, గట్టిగా పిండొద్దు. స్ట్రిప్పుల డబ్బా మూత బిగించి నీడపట్టున ఉంచాలి. ఎండలో నిలిపిన బండి డిక్కీలో పెడితే అవి పాడవుతాయి. ఒకరి సూది మరొకరు వాడకూడదు. వాడిన సూదుల్ని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో వేయండి. పెంటకుప్ప మీద పారేస్తే ఎరువుతో పాటు చేలోకి వచ్చి కాళ్లలో దిగుతాయి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. పురుగుమందు కొట్టేటప్పుడు చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్లు తిరిగితే మనం ఏమనుకుంటాం? మందు ఘాటనో ఎండ దెబ్బనో అనుకుంటాం. షుగరు పడిపోయినా ఇవే లక్షణాలు. వెంటనే పని ఆపి, మందు తగిలిన బట్టలు తీసేసి, చేతులు కడుక్కుని మీటరు చూస్తే క్షణాల్లో తేడా తెలుస్తుంది. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగాలి, కోలుకున్నాక అన్నం తినాలి. చేతిలో మీటరు లేకపోతే పంచదారే ముందు. మీటరులో షుగరు తగ్గలేదంటే విషం ఎక్కిందేమోనని అనుమానించాలి. మందు డబ్బా వెంటబెట్టుకుని ఆసుపత్రికి పోవాలి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి. రాత్రి కరెంటుకు నీళ్లు కట్టడానికి ఒంటరిగా పోయేవాళ్లు బయల్దేరే ముందు షుగరు చూసుకుని, జేబులో పంచదార పొట్లం పెట్టుకోవాలి.

తేదీ, వేళ, అంకె, ఆ రోజు చేసిన పని ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. దాన్ని చూసి మందు మార్చాల్సింది డాక్టరే. అంకె బాగుందని మనంతట మనం బిళ్ల మానకూడదు.

ఇక ఖర్చు. స్ట్రిప్పు 15 రూపాయలే అనుకుందాం. రోజుకు రెండు వాడితే నెలకు 900, ఏడాదికి 10,800 రూపాయలు. పీఎం కిసాన్ కింద రైతుకు వచ్చేది ఏడాదికి 6,000. కౌలు రైతుకు అదీ లేదు. 2025 సెప్టెంబరులో మీటర్లు, స్ట్రిప్పుల మీద జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. రోగి నెత్తురు చుక్క మీద ఆ 5 శాతం మాత్రం ఎందుకు? 30 ఏళ్లు దాటినవాళ్లకు షుగరు పరీక్షలు చేయించే కార్యక్రమం ప్రభుత్వానికి ఉంది. జబ్బు ఉందని చెప్పి బిళ్లలు చేతిలో పెట్టడంతో బాధ్యత తీరిపోదు.

అందుకే మన సంఘం అడుగుతున్నది ఇది. ఇన్సులిన్ వాడేవాళ్లకు, షుగరున్న గర్భిణులకు గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో, పల్లె దవాఖానాల్లో స్ట్రిప్పులు ఉచితంగా ఇవ్వాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయాలి. స్ట్రిప్పుల మీద జీఎస్టీ పూర్తిగా ఎత్తేయాలి. పట్టా ఉందా, కౌలా, కూలీనా అని చూడకుండా అందరికీ ఇవి అందాలి.

ప్రతి గ్రామ కమిటీ వచ్చే నెలలోగా ఆశా కార్యకర్తతో కలిసి ఊళ్లో ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ల లెక్క తీయాలి. ఎవరి దగ్గర మీటరు ఉంది, ఎవరు ఖర్చుకు భయపడి పరీక్ష మానేశారు, రాయండి. ఆ కాగితాలు పట్టుకునే మనం అధికారుల దగ్గరికి పోదాం.